తాతకు దక్కని ఊట

ఒక పెద్ద అడవిలో ఆ సంవత్సరం వాగులన్నీ ఎండిపోయి ఒక్క ఊట మిగిలింది.

ఆ ఊట వెనక ఒక మాట ఉంది. పూర్వం కణుజు అనే దుప్పిజాతి తాత ఒకడు దేవుడి పిలుపు నమ్మి, పుట్టినచోటు వదిలి ఇక్కడికి వచ్చాడు. "ఈ ఊట నీ సంతానానికి ఇస్తున్నాను. నీవల్ల మందలన్నిటికీ దీవెన కలుగుతుంది" అని దేవుడు మాటిచ్చాడు.

కణుజుల పెద్ద శృంగయ్యకు మొదటి వాక్యం కంఠతా వచ్చు. రెండోది వచ్చేసరికి ఆయనకు దగ్గు అడ్డొచ్చేది. మేకల పెద్ద దీవెనమ్మకు రెండోదే కంఠతా వచ్చు. మొదటిది పాతబడిపోయిందని ఆవిడ నమ్మకం.

"ఈ నీళ్లు తాగాలంటే తాత రక్తం ఉండాలమ్మా. మా చెవికి గాటు చూశావా? పుట్టిన ఎనిమిదో రోజున పెడతాం" అన్నాడు శృంగయ్య.

"మా గాటు గుండెలో ఉంది అన్నయ్యా."

"చూపించు మరి."

"నమ్మాలి."

శృంగయ్యకు ఒళ్లు మండింది. సభలో తీర్మానం పెట్టాడు: ఏడు తరాలుగా ఈ అడవిలో పుట్టిన వంశమైతేనే తాత సంతానం. దీవెనమ్మ ఇంకోటి పెట్టింది: ఒక్కసారి కూడా సందేహించనివాళ్లే తాత సంతానం. అధ్యక్షుడు ఏనుగుకు ఎవరినీ నొప్పించడం ఇష్టంలేదు. రెండూ ఆమోదించి, రెండిట్లోనూ నెగ్గినవాళ్లకే నీళ్లన్నాడు.

గుమస్తా తాబేలు రాసుకోడానికి ఆకు తీసింది. "మూలపురుషుడితో మొదలెడదాం. తాతగారి తండ్రిది ఏ అడవి?"

శృంగయ్య గొంతు సవరించుకున్నాడు. "నదికి అవతల."

"వలసొచ్చారన్నమాట. తప్పారు."

దీవెనమ్మ నవ్వు దాచుకుంది. తాబేలు ఆవిడవైపు తిరిగింది. "ఆయన ఎప్పుడైనా సందేహించారా?"

ఆవిడ అబద్ధమాడలేకపోయింది. "ముసలితనంలో బిడ్డ పుడతాడని దేవుడు చెబితే... బోర్లా పడి నవ్వాడట."

"ఇందులోనూ తప్పారు. తాతకే లేని హక్కు వారసులకు ఎక్కడిది?"

ఊట చుట్టూ ముళ్లకంచె పడింది. నాలుక పిడచకట్టుకుపోయి శృంగయ్య బయట నిలబడ్డాడు. ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది.

"దీవెనమ్మా, నీకు నీళ్లు దక్కకూడదని తాతనే వెలేశాను."

"నేను మాత్రం తక్కువ తిన్నానా అన్నయ్యా?"

తీర్మానాలు వెనక్కి తీసుకుంటామని ఇద్దరూ అర్జీ పెట్టారు. ఏనుగు శ్రద్ధగా చదివి, "వానలు పడ్డాక సభ పెడదాం" అన్నాడు.

అంతవరకూ ఇద్దరూ కంచె కిందనుంచి కారే బురదనీటికి పక్కపక్కనే మూతులు ఆనించారు. అక్కడ వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు.

నీతి: తాత ఆస్తి కావాలనుకునేవాడు తాతను పరీక్షకు కూర్చోబెట్టకూడదు.