రైలీ తగ్గించిన బన్నులు

ఆ మంగళవారం పొద్దున రైలీ అనుకున్నది చాలా చిన్న విషయం. రోజూ చేసే రెండొందల యాలకుల బన్నులకు బదులు వందే చేద్దామని. ఫిన్లండ్‌లోని ఆ సరస్సు ఒడ్డు ఊళ్లో ఆమె బేకరీకి ఇరవై ఆరేళ్లుగా ఎదురు లేదు. కానీ నాలుగు రోజులుగా రేడియోలో మాంద్యం, మాంద్యం అని ఒకటే గోల.

"ఇంతకీ మాంద్యం అంటే ఏంటండీ?" అని పిండి కలుపుతూ మొగుణ్ణి అడిగింది.

గోడలకు రంగులు వేసే ఊర్హో బూట్లు తొడుక్కుంటూ, "జనం భయపడి కొనడం మానేస్తారు. అంతే," అన్నాడు.

ఆ 'అంతే'కి రైలీ గుండె జారింది. సగం పిండి పక్కన పెట్టేసింది.

తొమ్మిదింటికల్లా బన్నులు అయిపోయాయి. టాక్సీ నడిపే తాయిస్తో వచ్చి, ఖాళీ అల్మరా చూసి గతుక్కుమన్నాడు. "ఇదేంటి రైలీ అక్కా?"

"మాంద్యం కదా తమ్ముడూ. తగ్గించుకుంటున్నా."

తాయిస్తో టాక్సీ కన్నా నోరు వేగం. సెలూన్ నడిపే ఎల్వీ చెవిన పడేసరికి ఆ మాట, "అక్క బేకరీ మూసేస్తోందట" అయింది. ఎల్వీ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆవిడకే ఈ గతి పడితే తన సెలూన్ గోడలకు కొత్త రంగులెందుకు? అప్పుడే నిచ్చెనతో వచ్చిన ఊర్హోను వాకిట్లోనే ఆపేసింది.

"ఇప్పుడొద్దు అన్నయ్యా. రోజులు బాగాలేవు." బేకరీ సంగతి ఎత్తితే ఆయన బాధపడతాడని అసలు కారణం మింగేసింది.

నిచ్చెనతో తిరిగొచ్చిన మొగుణ్ణి చూసి రైలీ కూలబడింది. "చూశారా, వచ్చేసింది!" శనివారం మేనకోడలి పెళ్లికి ఎల్వీ దగ్గర జుట్టు రింగులు తిప్పించుకోవాలని నెల నుంచీ ముచ్చటపడుతోంది. ఫోన్ చేసి వద్దనేసింది.

"రింగులు లేకపోయినా నువ్వు బాగుంటావులే," అన్నాడు ఊర్హో.

ముప్ఫై ఏళ్ల కాపురంలో అతను ఆమెను మెచ్చుకోవడం అది రెండోసారి. పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో రైలీకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. భోరుమంది.

అటు ఎల్వీకీ కళ్లు చెమర్చాయి. "పెళ్లికి కూడా జుట్టు చేయించుకోలేకపోతోందంటే..." అంటూ ఊరంతా ఫోన్లు చేసింది.

బుధవారం రైలీ యాభై బన్నులే చేసి తలుపు తీసింది. మంచులో వీధి మలుపు దాకా జనం బారు తీరి ఉన్నారు. అందరికన్నా ముందు ఎల్వీ.

"అధైర్యపడకు వదినా! మేమంతా లేమూ? బేకరీ మూయనివ్వం."

"ఎవరు మూస్తున్నారు?"

ఎల్వీ వెనక్కి తిరిగి తాయిస్తో వైపు చూసింది. "తగ్గించుకుంటున్నానని అక్కే అంది!" అన్నాడతను, టోపీ నలుపుతూ.

"అయితే నా పని పోయింది..." అని ఊర్హో నెమ్మదిగా లెక్క కట్టాడు, "మా ఆవిడ వల్లన్నమాట."

రైలీ ముఖం కందగడ్డయింది. ముందు ఎల్వీ నవ్వింది, ఆపైన వీధంతా గొల్లుమంది. "నిచ్చెన పట్రా అన్నయ్యా. వదినా, శనివారం ఎనిమిదింటికల్లా వచ్చెయ్!"

ఉన్న యాభై బన్నులూ పది నిమిషాల్లో అయిపోయాయి. దొరకనివాళ్లు మాత్రం ఊళ్లోకి కరువొచ్చిందని చెప్పుకుంటూ వెళ్లారు.