హద్దు జరిపిన ధవళయ్య

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడదామంటే, ఈ కథ జరిగిన చోట మచ్చుకైనా ఒక్క చెట్టు లేదు. భూమికి నడినెత్తిన, సముద్రం మీద పేరుకున్న మంచే అక్కడ అడవి. చెట్లు లేకపోతేనేం, పంచాయతీ ఉంది. పంచాయతీ ఉన్నాక ఒక అధ్యక్షుడూ, ఒక కార్యదర్శీ, వాళ్లిద్దరి గుసగుసలూ ఎలాగూ ఉంటాయి.

అధ్యక్షుడి పేరు ధవళయ్య. తెల్ల ఎలుగుబంటి. స్వతహాగా చెడ్డవాడేం కాదు. కాకపోతే అధ్యక్షుడు కూర్చునే మంచుదిబ్బ ఒకటుంది, దాని మీద కూర్చున్నాడంటే ఇక లేవబుద్ధి కాదు.

కార్యదర్శి రంగనాయకులు నక్క. చలికాలం తెల్లగా ఉంటాడు, ఎండాకాలం గోధుమరంగుకు తిరుగుతాడు. కాలాన్ని బట్టి మారతాడో, అధ్యక్షుడి మొహాన్ని బట్టి మారతాడో ఇంతవరకూ ఎవరూ తేల్చలేకపోయారు.

ఆ పంచాయతీకి తాతలనాటి ఆచారం ఒకటుంది. సముద్రంలో ఒక రాతితిప్ప, దాని మీద పాతిన ఒక బారెడు దంతం. అదే మంచుకు హద్దు. ఎండాకాలం చివర మంచు కరిగి కరిగి బాగా తగ్గిపోయే రోజుల్లో, అందరూ కలిసి అంచు దాకా నడిచి వెళ్లి చూస్తారు. దాన్ని హద్దునడక అంటారు. అప్పటికి కూడా మంచు తిప్పను తాకుతూ ఉంటే అధ్యక్షుడు ధర్మంగా పాలించినట్టు, మళ్లీ ఏకగ్రీవం. తాకకపోతే దిబ్బ దిగి ఇంటికి పోవాలి. రాజు మంచివాడైతే నెలకు మూడు వానలు కురుస్తాయని మనం అనుకోలేదూ, అలాగే.

ఒక ఏడు, నడకకు ముందురోజు ధవళయ్య రంగనాయకుల్ని వెంటబెట్టుకుని రహస్యంగా అంచుకు వెళ్లి చూశాడు. తిప్ప ఎక్కడో దూరంగా చుక్కలా ఉంది. మధ్యలో అంతా నీళ్లే. ధవళయ్య గుండెల్లో రాయి పడింది.

"అయిపోయాం రంగనాయకులూ. రేపు నన్ను దింపేస్తారు."

"ఎందుకు దింపుతారండీ? ఆ దంతం పీక్కొచ్చి ఇక్కడ పాతుకుంటే సరిపోలా?"

"అది మోసం కాదుటయ్యా?"

"మోసమెందుకవుతుంది? దానికి 'కాలానుగుణ హద్దు' అని పేరు పెడదాం. పేరంటూ పెట్టాక ఇక దాన్ని ఎవరు మోసమంటారండీ?"

ధవళయ్య ఈదుకుంటూ వెళ్లి దంతం పట్టుకొచ్చాడు. రాతి మీద ఉండాల్సిన హద్దును మంచు మీదే పాతారు. మర్నాడు పంచాయతీ అంతా నడిచొచ్చి చూస్తే మంచు దంతం దాకా నిండుగా ఉంది. దంతం కింద తిప్ప ఉందో లేదో ఎవరూ చూడలేదు, ధవళయ్యకు జేజేలు కొట్టారు.

మరుసటి ఏడూ మంచు వెనక్కి పోయింది. దంతమూ దానితోపాటే వెనక్కి వచ్చింది. మొదటిసారి ధవళయ్యకు సిగ్గేసింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత తనే, "ఈ ఏడు ఎక్కడ పాతుతున్నామయ్యా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఏటా నడక తగ్గిపోతూండటంతో మోకాళ్ల నొప్పులున్న పెద్దలంతా ఆయన్ని చల్లగా ఉండమని దీవించారు.

ఒక్క మత్స్యవల్లి మాత్రం దీవించలేదు. ఆమె సముద్రంలో ఈదుతూ మంచు మీద సేదదీరే సీల్ జాతిది. సభ జరుగుతున్నంతసేపు ఎవరూ ఎవర్నీ తినకూడదని నిబంధన ఉండబట్టి, ఒక ఏడు సభలో ఎలుగుబంటి ఎదురుగా నిలబడి మాట్లాడగలిగింది.

"అధ్యక్షా, మేం మంచులో గుహ తొలుచుకుని పిల్లల్ని కంటాం. మొన్న వసంతంలో నా గుహ కప్పు కరిగి కూలిపోయింది. పిల్ల దక్కలేదు. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉన్నాను. గట్టి మంచు లేకపోతే దీన్ని ఎక్కడ కననండీ?"

ఆ మాటకు ధవళయ్యకు నిజంగానే మనసు చివుక్కుమంది. సీల్ పిల్ల అంటే ఆయనకు ప్రాణం. అందులో సగం జాలి, సగం ఆకలి. ఏ సగం ఎక్కడ ముగుస్తుందో ఆయనకే తెలియదు.

"హద్దు దాకా మంచుంది కదమ్మా. ఇంకేం కావాలి?" అన్నాడు రంగనాయకులు.

అప్పుడు అంచు పక్కన నీళ్లు పొంగి తిమింగలం బామ్మ తల పైకెత్తింది. రెండు వందల ఏళ్లకు పైబడ్డ మనిషి. ఆమె నోరు విప్పితే సభ లేచి నిలబడాలి.

"ఏ హద్దురా అబ్బాయీ? నా చిన్నతనంలో ఊపిరి పీల్చుకోవాలంటే నెత్తితో మంచును గుద్ది పగలగొట్టేదాన్ని. ఇప్పుడు గుద్దుదామన్నా మంచు దొరకడం లేదు. అలాగని మంచు ఎన్నడూ తగ్గలేదని నేననను. మా అమ్మమ్మల అమ్మమ్మల పాటల్లో ఉంది, ఒకానొక కాలంలో బాగా పలచబడిందట, మళ్లీ పేరుకుందట."

రంగనాయకులు ఎగిరి గంతేశాడు. "విన్నారా! తగ్గడం, పెరగడం మామూలేనని బామ్మే అంటోంది! సభ ముగిద్దామా?"

"పూర్తిగా వినవయ్యా. ఆ తగ్గడానికి ఎన్ని తరాలు పట్టిందనుకున్నావు? మా తరాలు, మీ నక్కల తరాలు కావు. చల్లటి చోటు వెతుక్కోవడానికీ, కొత్త తిండి అలవాటు చేసుకోవడానికీ అందరికీ వ్యవధి దొరికింది. ఇప్పుడిదంతా నా ఒక్క బతుకులోనే జరిగిపోతోంది. నాకు భయంగా ఉంది, నాయనా."

రంగనాయకులు తడుముకోలేదు. "పాటలు సాక్ష్యానికి పనికిరావు. ఆధారం కావాలి. కమిటీ వేద్దాం."

ఆధారం సముద్రం అడుగునే ఉంది. మంచు నిండుగా ఉన్న ఏళ్లలో ఒకరకం బురద, నీళ్లు తెరుచుకున్న ఏళ్లలో ఇంకోరకం బురద, పొర మీద పొరగా పేరుకుని ఉంటుంది. ఆ బురదంతా ముక్కుతో కెలికి ఆల్చిప్పలు ఏరుకు తినేవాడు మీసాల గవర్రాజు అనే వాల్రస్. పిల్లి మీసాలు, ఏనుగు దంతాలు, పీపాలాంటి ఒళ్లు. ఆయన్నే ఏకసభ్య కమిటీగా వేశారు.

చాలా రోజులకు గవర్రాజు పైకి తేలాడు. మునిగినప్పటికంటే రెట్టింపు ఉన్నాడు.

"ఏం తేలింది గవర్రాజుగారూ?" అన్నాడు ధవళయ్య.

"బాగా లోతుకంటా తవ్వానండీ. కింది పొరలకూ పై పొరకూ పోలికే లేదు. బామ్మగారన్నదే నిజమనిపించింది."

"ఆధారాలేవీ?" అన్నాడు రంగనాయకులు.

గవర్రాజు మీసాలు తుడుచుకున్నాడు. "పొర పొరకీ ఆల్చిప్పలు తగిలాయండీ. నోరు ఊరుకోలేదు. బురదతో సహా తినేశాను."

ఆధారాలు లభ్యం కాలేదని సభ తీర్మానించింది. గవర్రాజు కూడా చెయ్యెత్తాడు.

ఆ చలికాలం ధవళయ్యకు తిండి సరిగ్గా దొరకలేదు. ఎలుగుబంటి సీల్‌ను నీళ్లలో తరిమి పట్టుకోజాలదు. మంచులో కన్నం పక్కన కాపు కాసి, అది ఊపిరికి పైకొచ్చినప్పుడే పట్టాలి. మంచే లేనప్పుడు ఎక్కడ కాపు కాస్తాడు? దిబ్బ మీద కూర్చుంటే కింద ఎముకలు గుచ్చుకుంటున్నాయి.

"రంగనాయకులూ, ఈ మధ్య సీళ్లు కనిపించడం లేదేమయ్యా?"

"హద్దు లోపల అంతా మామూలుగానే ఉందండీ."

"నా పొట్ట మామూలుగా లేదయ్యా."

"పొట్టకూ కాలానుగుణ కొలత ఒకటి పెట్టేద్దామండీ. పక్కటెముకలు కనిపించడమే ఇకనుంచి ఆరోగ్యం అని ప్రకటిస్తే పోయె."

ధవళయ్యకు ఏడవాలనిపించింది. హద్దు జరిపిన సంగతి బయటపెట్టేస్తే ఎలా ఉంటుందని కూడా అనిపించింది. పెడితే దిబ్బ పోతుంది. ఆకలి ఇవాళ కాకపోతే రేపు తీరుతుంది, దిబ్బ పోతే మళ్లీ రాదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ ఏడు హద్దునడకకు నడవాల్సిన పనే లేకపోయింది. అంచు అధ్యక్షుడి దిబ్బ దగ్గరికే వచ్చేసింది. దంతాన్ని ముందురోజే రహస్యంగా దిబ్బను ఆనించి పాతారు. పల్చటి మంచులో అది నిలవక ఒరిగిపోతోంది. ఈ వసంతంలోనూ పిల్ల దక్కని మత్స్యవల్లి దిబ్బ పక్కనే కూర్చుని కన్నార్పకుండా చూస్తోంది. ఆ చూపు ధవళయ్యకు నచ్చలేదు. హద్దు గట్టిదని అందరి ముందూ రుజువు చేయాలని పంతం పట్టి, వెనక కాళ్ల మీద లేచి, రెండు చేతులతో దంతం నెత్తిన ఒక్కటేశాడు.

దంతం దిగింది. మంచు పగిలింది.

పగులు దిబ్బ వెనకనుంచి సర్రున పాకింది. రంగనాయకులు అవతలికి దూకేశాడు. గవర్రాజు నీళ్లలోకి జారాడు. దిబ్బా, దంతమూ, ధవళయ్యా, మత్స్యవల్లీ ఉన్న ముక్క విడిపోయి మెల్లగా సముద్రంలోకి సాగింది.

"మంచు దంతం దాకా ఉంది! అధ్యక్షులవారు ఏకగ్రీవం!" అని రంగనాయకులు అవతలినుంచి అరిచాడు. ఆ తర్వాత ఆపద్ధర్మ అధ్యక్షుడు ఎవరన్న చర్చ ఆయనే మొదలుపెట్టి, ఆయనే ముగించాడు.

ముక్క మీద మొదట మాట్లాడింది ధవళయ్య కడుపు. ఆయన మత్స్యవల్లి వైపు తిరిగాడు.

"సభ ముగిసిందని ఇంకా ప్రకటించలేదు, అధ్యక్షా," అంది ఆమె.

"ఇప్పుడు ప్రకటిస్తున్నాను."

"కార్యదర్శి ఉంటేగానీ ముగించకూడదని మీరే పెట్టారు కదండీ."

ధవళయ్య నిబంధనకు కట్టుబడ్డాడో, నీరసానికి కట్టుబడ్డాడో గానీ, చతికిలబడ్డాడు. "నీళ్లలోకి దూకి పోరాదూ? నేనెలాగూ నిన్ను పట్టలేను."

"దూకి ఎక్కడికి పోనండీ? ఒళ్లు వాల్చడానికి ఈ చుట్టుపక్కల ఇదొక్కటే మిగిలింది."

ఆ మాట ధవళయ్యను, తను దంతం మీద వేసిన దెబ్బకంటే గట్టిగా తాకింది. హద్దు జరిపాక మొదటిసారి, వినడానికి పంచాయతీ లేనిచోట, ఆయన నిజం చెప్పాడు.

"మంచు తగ్గిందమ్మా మత్స్యవల్లీ."

"ఎంత తగ్గింది అధ్యక్షా?"

ధవళయ్య జవాబు చెబుదామని లేచి నిలబడి నాలుగు వైపులా చూశాడు. అన్ని వైపులా నీళ్లు ఒకేలా ఉన్నాయి. దంతం మొదట పాతి ఉన్న తిప్ప ఎటువైపు ఉండేదో ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తు రాలేదు.

నీతి: పదవి నిలవాలంటే హద్దును జరపండి, నిలబడ్డ చోటు సంగతి తర్వాత చూసుకోవచ్చు.