పూజ బియ్యంలో కారు తాళం

ఆదివారం చేయవలసిన పనులు రెండే. లీలావతి టీచర్ వాటిని శనివారం సాయంత్రమే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఏడున్నరకు తమ్ముడి కొత్త కారుకు పూజ. పది గంటలకు పాత కారును ఎత్తుకుపోయే లారీ రాక. మధ్యలో రెండున్నర గంటలు ఖాళీ. చంద్రగిరి హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా టైంటేబుల్ వేసేది ఆమే. ఒక పీరియడు ఇంకో పీరియడులోకి జొరబడకుండా చూడడంలో ఆమెకు పేరుంది.

పాత కారు ఎర్రది. ఇరవై మూడేళ్ల కిందట ఆమె భర్త ప్రతాప్ ముచ్చటపడి కొన్నాడు. చూడడానికి అగ్గిపెట్టెలా ఉంటుంది కానీ, ఆ చిన్న ఒంట్లో పెట్టిన ఇంజన్ మాత్రం దానికి ఒక సైజు పెద్దది. అటువంటి కార్లంటే పడిచచ్చేవాళ్లు ఊరికి ఒకరిద్దరుంటారు. చంద్రగిరిలో ఆ ఒకడు ప్రతాప్. ప్రతి ఆదివారం పొద్దున్నే భాకరాపేట కనుమ ఎక్కి, పైన టీ తాగి, దిగి వచ్చేవాడు. పక్క సీట్లో లీలావతి కళ్లు మూసుకుని "మెల్లిగా, మెల్లిగా" అంటూ ఉండేది.

నిరుడు శ్రావణంలో ప్రతాప్ పోయాడు. బండిని కదిలించకపోతే మొండికేస్తుందని, మెకానిక్ ఇమాంసాహెబ్ వారానికోసారి వచ్చి పది నిమిషాలు ఇంజన్ ఆడించి పోతున్నాడు. ఆ పది నిమిషాలు లీలావతి పెరట్లోకి వెళ్లి ఉతికిన బట్టలనే మళ్లీ ఉతికేది. ఆ చప్పుడు వినలేకే అమ్మేస్తున్నది. అడిగినవాళ్లకు మాత్రం "షెడ్డులో స్థలం చాలడం లేదు" అని చెప్పింది. పాత కార్లు పోగుచేసే చిత్తూరు జయరావు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. "పొద్దున్నే బయటికి తీయించి ఇంటి ముందర పెడతాను, మీ మనిషికి వెతుక్కునే పని ఉండదు" అని ఆమె ఫోనులో చెప్పింది.

ఏడు గంటలకు తమ్ముడు ఢిల్లీబాబు నీలం కారుతో దిగాడు. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఇదీ చిన్నదే, ఇదీ ఒంటికి మించిన ఇంజన్ ఉన్నదే. ఇంకా నంబరు కూడా రాలేదు.

"సూడక్కా, తాళం జేబులో ఉంటే సాలు. మీట నొక్కితే స్టార్టు. వందకు పోవడానికి ఎనిమిది సెకన్లు."

"వందకు పోయి ఏం చేస్తావురా? ఈ వీధిలోనే నాలుగు స్పీడు బ్రేకర్లున్నాయి."

"అదొక్కటే కాదు. మనం ఎట్లా నడిపినామో సూసి, దినానికోసారి ఫోనుకు మార్కులు పంపిస్తాది."

టీచరుకు మొదటిసారి ఆ కారు మీద ఆసక్తి కలిగింది. "ఎన్నొచ్చాయి?"

ఢిల్లీబాబు గొంతు సవరించుకున్నాడు. "యాభై నాలుగు."

"పాసే," అంది లీలావతి.

బావా బావమరుదులకు ఈ కార్ల మీద పదేళ్ల వాదన. కొత్తవాటిలో ఇంకెక్కువ వేగం, ఇంకెక్కువ సుఖం, ఇక పాతవాటిలో ఏముందని ఢిల్లీబాబు. ప్రతాప్ ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు: "నీ బండి అన్నీ నీకు చెప్తాది ఢిల్లీ. నా బండి నన్ను అడగతాది." ఈ ముక్కకు అర్థమేమిటో ఢిల్లీబాబుకు ఏనాడూ బోధపడలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాడు లేడు.

"బావ ఉండుంటే ఈ పొద్దు దీన్ని సూసి ఒప్పుకొనుండేవాడు," అన్నాడు నీలం కారు బానెట్ మీద చెయ్యి వేసి.

"ఒప్పుకునేవాడు కాదు," అంది ఆమె. ఏడాది తిరగలేదని పూజకు ఎదురుపడకుండా లోపలికి వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది.

పూజారి వరదయ్య స్వామి స్కూటరు దిగుతూనే పని మొదలుపెట్టాడు. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, అద్దం మధ్యలో గంధం బొట్టు, ముందర పూలదండ. పళ్లెం నిండా బియ్యం పోసి, అందులో తాళం నిలబెట్టి, పళ్లేన్ని ముందు సీటులో ఉంచాడు. హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి, "ఇంక పోనీ నాయనా" అన్నాడు. ఢిల్లీబాబు మీట నొక్కాడు. నిమ్మకాయలు పటపటమన్నాయి. స్వామి పళ్లెం తీసి, వాడుక ప్రకారం బియ్యాన్ని తన గుడ్డసంచిలో ఒంపుకున్నాడు. పూజ బియ్యం ఏ ఇంటివైనా భాకరాపేట గుడిలో ఆదివారం పొంగలికే పోతాయి. "తొమ్మిదిన్నరకు ఎసరు పెడతారు, వస్తా తల్లీ" అని కిటికీ వైపు కేకేసి వెళ్లిపోయాడు.

ఢిల్లీబాబు కోట దాకా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. దారి పొడుగునా కారు కుంయ్ కుంయ్ అంటూనే ఉంది. అద్దం మీది గంధం కెమెరాకు అడ్డమై ఉంటుందని దాన్ని తుడిచాడు. కుంయ్. దండ జరిపాడు. కుంయ్. ఇంటి ముందు ఆపి, విసుగొచ్చి ఇంజన్ కట్టేశాడు. కారు నోరు మూసుకుంది. మళ్లీ మీట నొక్కితే తెర మీద ఒకటే మాట: తాళం కనబడడం లేదు.

"అక్కా, తాళం సూస్తివా?"

"బియ్యంలో చూశాను."

"ఏ బియ్యం?"

లీలావతి గోడ గడియారం చూసింది. ఎనిమిదీ ముప్పై ఐదు. స్వామి ఫోను మోగి మోగి ఆగిపోయింది. రెండో తాళం సూళ్లూరుపేటలో బీరువాలో ఉంది. తొమ్మిదిన్నరకు మొదటి తాళం ఎసట్లో పడుతుంది.

"ఆటో పిలుస్తా," అన్నాడు ఢిల్లీబాబు.

"ఆటో కనుమ ఎక్కేసరికి ప్రసాదం పంచేసి ఉంటారు," అంది లీలావతి. షెడ్డు తలుపు తీసింది.

ఎర్ర కారును ఢిల్లీబాబు వెనక్కి తీశాడు. తీశాడంటే మూడుసార్లు ఆర్పి నాలుగోసారి తీశాడు. శ్రీనివాసమంగాపురం దగ్గర గేదెలు అడ్డం వస్తే ఆపాడు. అక్కడ రోడ్డు కొంచెం ఎత్తుకు పోతుంది. కారు వెనక్కి జారింది.

"ఏందక్కా ఇది, ఎనక్కి పోతాండాది? జారకుండా పట్టుకునేది ఏమీ లేదా దీంట్లో?"

"ఉంది. బ్రేకు అంటారు."

మళ్లీ ఆరిపోయింది. వెనక పాలవ్యాను హారన్ కొట్టింది. వ్యాను డ్రైవరు తల బయటపెట్టి, "ఏమప్పా, బండి నేర్సుకుంటాండావా?" అని అడిగాడు. పదమూడేళ్లుగా కార్లు నడుపుతున్న ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి.

"దిగు," అంది లీలావతి.

ఆమెకు లైసెన్సు ఉంది. ప్రతాప్ స్కూలు గ్రౌండులో నేర్పించాడు. గ్రౌండు దాటి ఎన్నడూ పోలేదు. సీటు ముందుకు జరుపుకుంది. పెరట్లోంచి కూడా వినలేకపోయిన చప్పుడు ఇప్పుడు పాదాల కింద నుంచి వస్తోంది. పారిపోవడానికి పెరడు లేదు.

రంగంపేట దాటాక కనుమ మొదలైంది. మొదటి మలుపు కనిపించగానే ఆమె నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది: "తెల్ల రాయి, రెండో గేరు."

ఢిల్లీబాబు తిరిగి చూశాడు. "ఏమంటివి?"

ప్రతాప్‌కు మలుపులను పైకి చెప్పే అలవాటు. తెల్ల రాయి, రెండో గేరు. విరిగిన గోడ, హారన్. నీళ్ల తొట్టి, మూడు, ఇంక వదిలెయ్. డిక్టేషన్ చెప్పినట్టు చెప్పేవాడు. ఆమె అదంతా విసుగ్గా వింటున్నాననే అనుకుంది. ఇరవై రెండేళ్లు కళ్లు మూసుకుని కూర్చున్న మనిషికి ఆ రోడ్డు చెవులతో వచ్చేసింది. ఇంజన్ గొంతు బరువెక్కగానే చెయ్యి గేరు మీదికి పోతోంది. స్టీరింగు ఊరికే తిరగడం లేదు. రోడ్డులో ఉన్న ప్రతి గుంటా అరచేతికి తెలుస్తోంది. ఇప్పుడేం చేస్తావు, ఇప్పుడేం చేస్తావు అని కారు అడుగుతున్నట్టే ఉంది. ప్రతాప్ చెప్పింది ఇదన్నమాట.

"అక్కా! మెల్లిగా! అక్కా, నాకు పెండ్లాం బిడ్డలుండారు!" ఢిల్లీబాబు రెండు చేతులతో పైనున్న పిడిని పట్టుకుని వేలాడుతున్నాడు. "ఎనబైలో పోతాండావు!"

"నలభై రెండు," అంది లీలావతి.

అతను వంగి చూశాడు. నలభై రెండే. "నా బండి నూటిరవైలో పోయినా ఏమీ తెలీదే," అన్నాడు అయోమయంగా.

ఆమె తీర్పు చెప్పలేదు. మార్కులు వేసేటప్పుడు ఆమె రెండు పేపర్లూ పూర్తిగా చదువుతుంది. ఇక్కడ బండి జారితే ఈ ఎర్రదాంట్లో కాపాడేది దేవుడొక్కడే. నీలందాంట్లో ఎయిర్‌బ్యాగులు ఆరున్నాయి. అది చిన్న సంగతి కాదు. ఆమె లోయ పక్క మలుపులో ఇంకాస్త తగ్గించింది. అయితే ఇంకొక సంగతి కూడా తెలిసింది. ఆ ఆదివారాల సరదాలో సగం ఇంజన్‌ది కాదు. పక్క సీట్లో కూర్చుని మెల్లిగా, మెల్లిగా అనేవాళ్లది. ఈ వాటా నీదని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. తనూ అడగలేదు.

"మెల్లిగా అక్కా," అన్నాడు ఢిల్లీబాబు మళ్లీ.

"అంటూ ఉండు," అంది ఆమె. "బాగుంది."

తొమ్మిదీ ఇరవైకి గుడి ముందు ఆగారు. వరదయ్య స్వామి లోపల అర్చనలో ఉన్నాడు. మండపం పక్కన పోలేరమ్మ అనే ముసలామె చేటలో బియ్యం ఏరుతోంది. ఢిల్లీబాబు పరుగున వెళ్లి రొప్పుతూ నిలబడ్డాడు. ఆమె తలెత్తకుండానే చెంగు ముడి విప్పి, నల్లటి తాళం తీసి అతని చేతిలో పెట్టింది.

"నలబై ఏండ్లుగా బియ్యం ఏరతా ఉండా నాయనా. ఇంత రాయి యాడా సూడలా."

పొంగలి తినకుండా కదలడానికి వీల్లేదని ఆమె పట్టుబట్టింది. అది ఉడికి విస్తర్లలోకి వచ్చేసరికి పదిన్నర దాటింది. అప్పుడే లీలావతి ఫోను మోగింది.

"అమ్మా, నా పేరు మునిశేఖర్. జయరావు సారు పంపిస్తే లారీ తెచ్చినా. మీ కారు ఎక్కించుకొని ఐతేపల్లి దాటినా. తాళం యాడ పెట్టినారు?"

లీలావతి రోడ్డు పక్కనున్న ఎర్ర కారును ఒకసారి చూసుకుంది. అది అక్కడే ఉంది.

"ఏ కారు ఎక్కించుకున్నావు బాబూ?"

"ఇంటి ముందర ఉండేదే. తలుపు తట్టినా, ఎవురూ పలకలా. కారుకు దండేసి, బొట్టు పెట్టుండారు. అత్తగారింటికి పంపేటట్టు సాగనంపతాండారు గావాల అనుకొని, క్రేనుతో పైన పెట్టేస్తి. కానీ అమ్మా, ఇరవై మూడేండ్ల బండంటే నమ్మలేకపోతా ఉండా. ఎంత బాగా పెట్టుకున్నారు!"

పక్కన ఢిల్లీబాబు పొంగలి నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "ఎవరక్కా?"

"నీ కారు చిత్తూరు పోతోంది," అంది లీలావతి. "తినేసి లే."

దిగేటప్పుడు కనుమలో ఆమె ఎక్కడా తొందరపడలేదు. కింద చంద్రగిరిలో, ఇంటి ముందు, ఆమె ఫోనులో తిప్పమన్నాక వెనక్కి వచ్చిన లారీ ఆగి ఉంది. దాని మీద దండతో సహా నీలం కారు. మునిశేఖర్ తల గోక్కుంటూ దాన్ని దించాడు. వాడిన పూలు తప్ప గీత కూడా పడలేదు. ఢిల్లీబాబు జేబులో తాళంతో మీట నొక్కితే అది ఏమీ జరగనట్టు స్టార్టయింది.

"అయితే ఈ ఎర్రదాన్ని ఎత్తుకోమంటారా అమ్మా?" అని అడిగాడు మునిశేఖర్.

లీలావతి అప్పటికింకా స్టీరింగు ముందే కూర్చుని ఉంది. ఇంజన్ కట్టలేదు. కాసేపు ఆ చప్పుడు విని, తర్వాత జయరావుకు ఫోను చేసి క్షమాపణ చెప్పింది.

"షెడ్డులో స్థలం సాలదంటివి గదక్కా?" అన్నాడు ఢిల్లీబాబు, మునిశేఖర్ టీ తాగి వెళ్లిపోయాక.

"మళ్లీ కొలిచాను. చాలుతుంది."

అతను చాలాసేపు ఎర్ర కారు చుట్టూ తిరిగాడు. చక్రాన్ని కాలితో తట్టాడు. చివరికి ఎటో చూస్తూ అన్నాడు: "వచ్చే ఆదివారం నేనూ వస్తా. పక్కనే కూసుంటా. నడపను."

"ఆరున్నరకు వచ్చెయ్," అని లీలావతి లోపలికి వెళ్లి, ఫ్రిజ్ మీది పాత కాగితం తీసేసి కొత్తది అంటించింది.

సాయంత్రం టీ తాగుతుండగా ఢిల్లీబాబు ఫోను టింగుమంది. నీలం కారు ఆ రోజు మార్కులు పంపింది: ప్రయాణం చాలా జాగ్రత్తగా సాగింది, అభినందనలు, నూటికి తొంభై ఎనిమిది.

తగ్గిన రెండు మార్కులూ ఐతేపల్లి స్పీడు బ్రేకరు దగ్గర మునిశేఖర్ పోగొట్టి ఉంటాడని టీచరు లెక్క తేల్చింది.