ఎండపొడ సంరక్షణ

సూర్యుడు పర్మనెంటు ఉద్యోగి కాడన్న సత్యం అనకాపల్లిలో ఈమధ్యనే వెల్లడైంది. ఒక బెల్లం వర్తకుడి పాత మేడను మ్యూజియం చేశాక, సూర్యుడు ఇన్నాళ్ళూ అందులోకి ఏ అనుమతీ లేకుండా వచ్చిపోతున్నట్టు తేలింది.

ఆ మేడ అందమంతా వెలుతురే. పొద్దెక్కేసరికి హాలు కిటికీల రంగుటద్దాల్లోంచి ఎర్రగా, పచ్చగా ఎండపొడ నేలమీద పరుచుకుంటుంది. ఆ అద్దాలు బిగించింది మ్యూజియం గైడు ఖయ్యూమ్ వాళ్ళ తాతే. కానీ ఆయన భార్య జన్నత్ బీ ఆ హాల్లో ఎన్నడూ అడుగుపెట్టలేదు. (వర్తకుడి కాలంలో పనివాళ్ళ ఆడవాళ్ళు పెరటి గుమ్మం దగ్గరే ఆగేవారు.) ఇప్పుడామె కళ్ళు మసకబారుతున్నాయి. చూపు ఉండగానే ఆ ఎండపొడ చూపించాలని మనవడి ఆరాటం. ఆదివారం తీసుకెళ్తానని మాటిచ్చాడు.

ఇంతలో వెలుతురు పర్యవేక్షణాధికారి నానాజీ గారు తనిఖీకి వచ్చారు. (పదవి కొత్తది. కుర్చీ ఇంకా రాలేదు కనుక నిలబడే పర్యవేక్షించారు.) నిబంధన ప్రకారం ప్రతి ప్రదర్శన వస్తువునూ ఎండ నుంచి కాపాడాలి. ఎండపొడ కూడా ప్రదర్శన వస్తువే. కనుక ఎండపొడకు ఎండ తగలరాదు.

"ఎండ తగలకపోతే ఎండపొడ ఎక్కడుంటాది సార్?" అన్నాడు ఖయ్యూమ్.

"అది టెక్నికల్ సెక్షన్ సూసుకుంటాది. కాపాడ్డం వరకే మన పని."

శనివారానికి కిటికీలకు నల్లగుడ్డ బిగించేశారు. ఎండపొడ పడే చోటు చుట్టూ తాడు కట్టి, 'తాకరాదు' అని బోర్డు పెట్టారు. కాపలాకు మనిషిని వేశారు. (అతని హయాంలో ఇంతవరకు ఒక్క కిరణమూ దొంగతనానికి గురికాలేదు.)

"రేపు ఒక్క గంట గుడ్డ తీయించండి సార్. మా దాదీకి సూపు పోతంది," అని ఖయ్యూమ్ బతిమాలాడు.

"నాకు మాత్రం జాలి లేదేటి? ఎయ్యడానికే ఆర్డరుందయ్యా, తియ్యడానికి లేదు."

కాపలా మనిషి టీకి వెళ్ళగానే గుడ్డ అంచు ఎత్తేద్దామని ఖయ్యూమ్ ఆశ. ఆ మహానుభావుడు ఆదివారం టీ ఫ్లాస్కులో తెచ్చుకున్నాడు.

పెట్టెలోని మంచి చీర తీసి కట్టుకుని జన్నత్ బీ ఆటోలో వచ్చింది. తాడు పట్టుకుని, వంగి, ఆ చీకట్లోకి చాలాసేపు చూసింది. తర్వాత తడుముకుంటూ మనవడి చెయ్యి పట్టుకుంది.

"గుమ్మం దాకా నీ చొక్కా రంగు కనిపించిందిరా బేటా. ఇంతట్లోనే పోయేయి నా కళ్ళు."

ఖయ్యూమ్‌కు ఏడుపొచ్చింది. "నీ కళ్ళకేటీ కాలేదు దాదీ..." అనబోతుండగా నానాజీ గారు వచ్చి, ఆమెకు గౌరవంగా నమస్కారం పెట్టారు.

"బాధపడకండమ్మా. మా మ్యూజియంలో కళ్ళున్నోళ్ళూ, లేనోళ్ళూ అన్న తేడా లేదు. అందరికీ ఒక్కలాగే సూపిత్తన్నాం."