మిక్సీ మనల్ని వదిలి వెళ్ళదు

మనుషుల కన్నా మిక్సీ నయం! బాగా ఆలోచించే అంటున్నాను.

మనిషి అలిగి ఊరెళ్ళిపోతుంది. మిక్సీ ఎక్కడికి పోతుంది? వైరు ఉన్నంత దూరమే కదా!

స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం పర్మనెంటు కాగానే మా అబ్బాయి శ్రీరామ్మూర్తి మిక్సీ తెచ్చాడు. దాంతో వచ్చిన పుస్తకం మూడుసార్లు చదివాను. రోజుకు రెండు గంటలు ఆదా అని రాసి ఉంది. అచ్చులో ఉన్నది అబద్ధమవుతుందా?

అంతకుముందు ఎంత అనాగరికంగా బతికామో! రుబ్బురోలు దగ్గర ఇద్దరు కూర్చోవాలి. మా ఇంట్లో పనిచేసే దేముడమ్మ పొత్రం తిప్పేది, నేను పిండి లోపలికి తోసేదాన్ని. లయ తప్పితే నా వేళ్ళు నలుగుతాయి. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ నలగలేదు. పిండి మెదిగేసరికి వీధి కబుర్లన్నీ అయిపోయేవి. మా ఆయన కాలం చేసిన ఏడాది ఏమీ మాట్లాడుకోకుండానే రుబ్బాం. ఎంత టైము వేస్టు!

ఇప్పుడో? పది నిమిషాలు! మిగిలిన టైములో ఏం చేస్తున్నానంటారా? ఇదివరకు ఆదివారమే ఇడ్లీ. ఇప్పుడు రోజూ.

"ఏటమ్మా, మిక్సీ ఉన్నాది కదా, ఇంకో పచ్చడి సేత్తే ఏటి?" అంటాడు మా అబ్బాయి.

న్యాయమే! జార్లు కడుక్కుంటూ, బ్లేడు కింద ఇరుక్కున్న పిండి పుల్లతో తీసుకుంటూ, ఒక్కదాన్నే నాగరికంగా బతుకుతున్నాను.

మొన్న శనివారం దేముడమ్మ గుమ్మంలో నిలబడింది. "ఆ డబ్బా నీతో కబుర్లు సెప్తాదేటమ్మా? ఇంక నాకిక్కడ పనేటుంది? సోమవారం ఆనందపురం మా కూతురుకాడికి ఎలిపోతాను" అంది.

చదువురాని మనిషి! మిక్సీ తిరుగుతుంటే ఎవరి మాటా వినిపించదు. అదే కదా దాని గొప్పతనం!

అంత గొప్ప మిక్సీ ఆదివారం పాడైంది. మోటారు మీద చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. అది లేకపోతే బ్లేడు తిరగదు. కొత్తది మద్రాసు నుంచి రావాలని అబ్బాయికి చెప్పాను. నాకైతే అన్నం సయించడం లేదు.

పాతది మెంతుల డబ్బాలో ఉంది. వాడు ఈ పేపర్లో ఆటల పేజీ తప్ప చదవడు, ఇది వాడి కంటపడదు. మీరూ చెప్పకండి.

సోమవారం పొద్దున్న దేముడమ్మ మూటతో సహా వచ్చింది. "ఊరికి బయల్దేరినాక కబురెట్టడమేటి? బస్సెలిపోద్ది!" అని కసిరి, మూట గోడకు ఆనించి, పొత్రం పట్టుకుంది.

పప్పు మాత్రం నేను కాస్త ఎక్కువే నానబోశాను.