వకీలు ఊఁ కొట్టిన పర్వం

దిఙ్మండలమంతటిని వాహనధూమపటలము కప్పివేయగా, ఆఫీసులనెడి చెరసాలల నుండి విడుదలైన జనులు ట్రాఫిక్కను మహార్ణవమున ఈదులాడుచుండగా, భానుడు సైతము డ్యూటీ దిగి మేడల వెనుకకు జారుకొనుచున్న ఒకానొక సాయంసమయమున, మూడవ అంతస్తు ఫ్లాటులో, ఉతికిన బట్టల గుట్ట పక్కన, సోఫాపై ఆసీనుడై యుండెను సాక్షిజనగర్వభంజనుడు, వాయిదాసంపాదనధురంధరుడు, స్వవాక్ప్రవాహనిమగ్నుడునగు ప్లీడరుగారు.

ఆయనకొక్కతే కూతురు. ఏ తరగతియని ఎవరైనా అడిగినచో "నాలుగో, ఐదో" యని తడుముకొనునంతటి పితృవాత్సల్యము ఆయనది. బడి వ్యవహారములన్నియు నర్సుగా పనిచేయు ఇల్లాలి నెత్తిన రుద్ది, "చదువు సంగతి నువ్వు చూసుకో" యను ఒక్క వాక్యముతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన ధీరుడు. కాని ఆ నెల ఆమెకు సాయంత్రపు డ్యూటీ పడెను. సరిగ్గా అప్పుడే క్లాసు టీచరు ఫోను చేసి, "పాప ఈమధ్య నోరు విప్పట్లేదండి. ఇంటర్వెల్లో కూడా ఒక్కతే కూర్చుంటోంది. ఇంట్లో కాస్త మాట్లాడి చూడండి" అని చెప్పెను.

ఇల్లాలు గుమ్మములో చెప్పులు వేసుకొనుచు, "ఏవండీ, దాని మనసులో ఏముందో కనుక్కోండి. ఆ బట్టలు కూడా మడతపెట్టండి" అని ఆజ్ఞాపించి వెడలెను.

"రౌడీల చేత నిజం కక్కించినవాణ్ణి, ఇదెంత" యని ప్లీడరు మీసము దువ్వెను. తొమ్మిదేళ్ళ పసికూనపై దండయాత్రకు మీసము దువ్విన శూరుడు ఏ పురాణములోనూ కానరాడు.

కూతురు బడినుండి వచ్చి, సంచి దించి, గోడకానుకొని నేలపై కూర్చుండెను. ప్లీడరు ప్రథమాస్త్రమును సంధించెను.

"ఇవాళ స్కూల్లో ఏం జరిగింది?"

"ఏం లేదు."

"టీచర్లు ఏం చెప్పారు?"

"ఏం చెప్పలేదు."

"అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా టీచర్లందరూ నోరు మూసుకుని కూర్చున్నారు. అవునా, కాదా? సూటిగా చెప్పు."

"అవును."

వేసిన బాణము తన రొమ్మునే తాకగా, ప్లీడరు దిగ్గున లేచి, ఒంటిపై లేని నల్లకోటును సవరించుకొని, మేఘగంభీరస్వరమున ఉపన్యసించెను. "చూడమ్మా. తండ్రికి నిజం చెప్పడం బిడ్డ ధర్మం. ఇక్కడ నిన్ను ఎవరూ భయపెట్టట్లేదు, ఆశ పెట్టట్లేదు. కాబట్టి నీ ఇష్టపూర్వకంగా, ఉన్నది ఉన్నట్టు..."

ఇంతలో ఫోను మోగెను. ఆయన ఒక చేయి చాచి, అసలు మాట్లాడనే మాట్లాడని కూతురిని "ఒక్క నిమిషం ఆగు" అని వారించి, ఎవరి వాయిదా గురించియో తనివితీర వాదించి వచ్చెను. అప్పటికి ఆ పిల్ల మొగము గోడవైపు తిరిగియుండెను.

"ఐస్‌క్రీమ్ కొనిపెడతా, చెప్పు."

"వద్దు."

"చెప్పకపోతే టీవీ బంద్."

"సరే."

సామదానభేదదండోపాయములన్నియు నీరుగారెను. అమ్ములపొది అడుగంటెను. అప్పుడు, వేరే గతి లేక, ఆయన కూతురివైపు చూచెను. బొటనవేలి గోరును మొదలంట కొరికివేసియున్నది. చొక్కా అంచును మెలిపెట్టుచున్నది. అది ఎన్నాళ్ళ అలవాటో ఆయనకు తెలియదు. కోర్టులో ఎదుటివాడు నిశ్శబ్దమైనప్పుడు ఎన్నడూ కలగని భయమొకటి ఆయన లోపల కలిగెను. నేలపై చతికిలబడి, బట్టల గుట్టలో చేయి పెట్టెను.

ఒక మేజోడు తీసి, మరొక మేజోడుతో కలిపి చుట్టెను. యూనిఫారం చొక్కాను మడిచెను. అది సమోసాయో, పొట్లమో తెలియని ఆకృతి దాల్చెను. అదంతయు ఓరకంట చూచిన కూతురు కొంతసేపు ఓపిక పట్టి, చివరకు పాకుచు దగ్గరకు వచ్చెను.

"ఆ సాక్సులు జత కాదు నాన్నా. ఒకటి అమ్మది."

ఆమె చొక్కా విప్పి మరల మడిచెను. ఇద్దరును పక్కపక్కన కూర్చుండి మడతలు పెట్టసాగిరి. అంతట, చేతిలోని తువాలువైపే చూచుచు, ఆ పిల్ల పలికెను.

"నన్ను బెంచీ మార్చారు."

ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, నువ్వేం చేశావు అను ప్రశ్నత్రయము గుఱ్ఱపుదండువలె ఆయన కంఠద్వారమునకు దూసుకువచ్చెను. అదే క్షణమున సోఫాపై ఫోను మరల మోగెను. ముందట దండు, వెనుక ఢంకా. ప్లీడరు పళ్ళు బిగించెను. దవడలు అదిరెను. ఇరువది ఏండ్లుగా అడ్డూ ఆపూ లేక పారిన వాగ్వాహినికి తొలిసారి ఆనకట్ట వేసి, ఆయన ఇట్లనెను.

"ఊఁ."

"లాస్ట్ బెంచీ. నా ఫ్రెండ్ ఇప్పుడు వేరే అమ్మాయి పక్కన కూర్చుంటోంది. ఇద్దరూ నన్ను చూసి నవ్వుతున్నారు."

"ఊఁ."

"అక్కణ్ణుంచి బోర్డు మీద అక్షరాలు కనిపించట్లేదు. అడిగితే ఇంకా నవ్వుతారని అడగట్లేదు."

ప్లీడరు గుట్టనుండి మరొక తువాలు తీసెను. తువాలును ఒకసారి అనవసరముగా దులిపెను.

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం. రేపు నీతో స్కూలుకీ వస్తాను. టీచర్‌కి ఇద్దరం చెబుదాం."

ఆ పిల్ల ఆలోచించెను. "నువ్వు ఎక్కువ మాట్లాడకూడదు."

"మాట్లాడను."

వినుడు జనులారా. లోకమున ఎందరో తల్లులు చాటింపు లేకుండ పూటపూటా గెలుచు కోటను, ఒక న్యాయవాదశిఖామణి ఒక సాయంకాలమంతయు పోరాడి, రెండు ఊఁలతో, గుమ్మము వరకు గెలిచెను. పుష్పవృష్టి కురియలేదు. దేవదుందుభులు మ్రోగలేదు. పక్క ఫ్లాటులో కుక్కరు మాత్రము ఒక కూత వేసెను.