చక్రవ్యూహంలో రెండు దుప్పట్లు

ఆ ఉదయం గైందీదేవి పెట్టుకున్న పని ఒక్కటే: కొడుక్కి కడుపునిండా రాగి రొట్టెలు పెట్టి, మధ్యాహ్నం వాడు చావకుండా చూసుకోవడం. ఆ కొండ ఊళ్ళో ఏటా భారతకథ ఆడే పాండవ నృత్యంలో ఈసారి కొడుకు ధన్‌వీర్‌కు అభిమన్యుడి వేషం పడింది. కోతలైన పొలంలో కర్రలు పాతి, ఊరి ఆడవాళ్ళ చీరలతో ఏడు వరుసల వ్యూహం కట్టారు. కట్టిన చీరను తాకడం మహా అపచారం.

"వేషమే కదమ్మా!" అన్నాడు ధన్‌వీర్.

"వేషమైతే మాత్రం? ఊరంతా నీ మీద పడి ఏడుస్తుంది. ఆ ఏడుపు ఊరికే పోతుందా? రేపు నువ్వా లోయ పక్కన జీపు నడపాలి!"

వాడు ముస్తాబవుతుండగా ఆమె పొలానికి పరుగెత్తింది. కొడుకు తప్పించుకునే దారికని వెనకవైపు వరుసకొక చీరకు ఓ పక్క ముడి విప్పింది. హమ్మయ్య అనుకునేలోపే, కౌరవులు వాడి వెంటపడితేనో అన్న అనుమానం వచ్చింది. ఇంటికెళ్ళి రెండు దుప్పట్లు తెచ్చి, చీరల వరుసల మధ్య వాళ్ళు వచ్చే సందుకు ఆ కొసా ఈ కొసా కట్టడానికి దాపున పెట్టింది.

డోళ్ళు మోగాయి. అభిమన్యుడు ఏడు ద్వారాలూ దాటి నడుమకు చేరాడు. ద్రోణుడి వేషంలో ఊరి పెద్ద, పధాన్ గబర్‌సింగ్, మహారథులను వెంటేసుకుని సందులోకి ఉరికాడు. అభిమన్యుడు దాటగానే గైందీదేవి కట్టిన దుప్పటి ముందు అడ్డొచ్చింది. వెనక్కి తిరిగితే, ఆమె అప్పుడే కట్టేసిన రెండో దుప్పటి!

"పధాన్‌జీ, ఎడమకి!" పై పొలం గట్ల మీంచి జనం అరిచారు.

"ఎవడి ఎడమరా?" ద్రోణుడి గదమాయింపు. జయద్రథుడు కర్ణుడి కాలు తొక్కాడు.

నడుమ ధన్‌వీర్‌కు విసుగెత్తింది. "చంపేవాళ్ళు త్వరగా రండయ్యా, ఆకలేస్తోంది!" ఎవరూ రాలేదు. గాలికి, ముడి విప్పిన ఎర్ర చీర ఒకటి పక్కకు తొలగింది. వాడు ఒక్కో వరుసా దాటుకుంటూ నిక్షేపంగా బయటికొచ్చాడు. బతికొచ్చిన అభిమన్యుణ్ణి చూసి జనం ఈలలు, కేకలు!

"నా వ్యూహాన్ని పాడుచేసిందెవరు?" లోపలి నుంచి గబర్‌సింగ్ గర్జించాడు. "కట్టిన గుడ్డ తాకకూడదు, మేమిక్కడే చావాలా?"

ఊరికి అరిష్టమంటారేమో, వెలివేస్తారేమో అని గైందీదేవికి భయమేసింది. అయినా లోపలికి నడిచి చకచకా ముడులు విప్పింది.

"అయ్యో, తాకావేమిటమ్మా!" అన్నాడు గబర్‌సింగ్.

"ఇవి గోడలు కావు పధాన్‌జీ, నా దుప్పట్లు. ఏడుగురు కలిసి ఒక్కణ్ణి చంపుతామంటే తల్లిని, చూస్తూ ఊరుకోమంటారా?"

 పై గట్టున ఎవరో "గైందీదేవికి జై!" అన్నారు. డోళ్ళు ఆ దరువే అందుకున్నాయి. ఆమె దుప్పటి కొస పట్టుకుని మహారథులంతా వరుసగా బయటికి నడిచారు.

మరుసటి ఏడు వ్యూహం నువ్వే కట్టాలని కౌరవ పక్షం ఆమె ఇంటికొచ్చి అడిగింది. తనకు యుద్ధాలంటే మహా భయమని ఆమె తలుపేసుకుంది.